బెల్లపు కొండ, చైనాగ్రాస్ చెరువు: ఇంటి వస్తువులతో ఛాయాచిత్ర రచన

అంత పెద్ద కొండ అరచేతిలోని అద్దంలో ఇమిడిపోవడం మనకు కొత్త సంగతి కాదు. ఆ ఉపమానాన్ని మన చిన్నతనంలోనే వేమన మనకు నేర్పినాడు. ఆ యోగి సమాధి ఉన్న కటారుపల్లె మన కదిరి ప్రాంతంలోనిదే. అయితే అద్దంలో కొండ కనిపించవలెనంటే ఎదుట నిజమైన కొండ ఉండవలెను. ఎదుట కొండ లేకుండానే కొండ బొమ్మను పట్టగలమా? వంటింటి అలమరలోని వస్తువులతో, ఒక్క దీపంతో, పెనుకొండ దుర్గం మీది సూర్యోదయాన్ని ఛాయాచిత్రంగా తీయగలమా? తీయవచ్చునని మా విద్యార్థినీ విద్యార్థులు చేసి చూపించారు. తీసినందువల్ల వచ్చిన ఒక చిక్కు కూడా మాకు వారి మూలంగానే తెలిసింది. ఆ రెండింటినీ ఈ వ్యాసంలో పాఠకుల ముందుంచుతున్నాము.

తెలుగు అధ్యాపకులమైన మాకు ఛాయాగ్రహణంతో ఏమి పని అని కొందరు మిత్రులు అడిగారు. మా పని వర్ణన. కావ్యంలో ఉండదగిన అష్టాదశ వర్ణనలను గురించి తరగతిలో చెప్పేటప్పుడు నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం అంటూ ఆ పట్టికను విద్యార్థులు చక్కగా అప్పజెబుతారు. ప్రతి ఉదయం పెనుకొండ మీదుగా రైలులోనో బస్సులోనో హిందూపురం వచ్చే విద్యార్థిని "ఆ కొండను నాలుగు వాక్యాలలో వర్ణించు" అని అడిగితే మాత్రం కలం ఆగిపోతుంది. "ఎత్తుగా ఉన్నది, అందంగా ఉన్నది" అన్న రెండు మాటలను దాటదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడి తరగతిలో తెలుగు వ్రాసే మన పిల్లలకు పదాలు చాలకపోవడమే కారణమని మేము చాలాకాలం అనుకున్నాము. కొండ నీడ ఉదయం ఏ వైపు పడుతుంది, వెనుకనున్న దూరపు కొండ ఏ రంగులో కనిపిస్తుంది, బండల మధ్య పచ్చదనం ఎక్కడ నిలుస్తుంది అని అడిగి చూశాము. ఉర్దూలో కూడా ఎవరూ చెప్పలేకపోయారు. లోటు చూపులో ఉన్నదని అప్పుడు గ్రహించాము. "ముందు ఆ కొండను బల్లమీద చేయండి, ఫోటో తీయండి, ఆ పిమ్మట వర్ణించండి" అన్నాము. ఈ అభ్యాసం అలా మొదలైనది.

కమరా, కెమెరా

మా ఉర్దూ విద్యార్థులు కొందరు "కెమెరా" అనే మాట అరబ్బీ నుండి పుట్టినదని ఉత్సాహంగా చెబుతూ ఉంటారు. అది సరికాదు. కెమెరా లాటిను మాట. దాని అర్థం గది. ఆ లాటిను మాట నుండే పోర్చుగీసు వారి "కామరా" వచ్చింది. వారి ఓడలతోపాటు మన దేశానికి దిగి హిందుస్తానీలో "కమరా" అయినది. అనగా మనం ఇంట్లో నిద్రించే కమరా, చేతిలో పట్టుకునే కెమెరా ఒకే తల్లి బిడ్డలు. పేరు విషయంలో లేని గొప్పను చెప్పుకోనక్కరలేదు. పనిలో ఉన్న గొప్పయే చాలినంత ఉన్నది.

బస్రాలో సుమారు 965లో జన్మించి, కైరోలో సుమారు 1040లో మరణించిన ఇబ్న్ అల్-హైసమ్ "కితాబుల్ మనాజిర్" అనే గ్రంథంలో వెలుగు నడకను పరీక్షించి వ్రాశాడు. ఆయన వర్ణించిన ఒక పరీక్షను మన ఇంట్లోనే చేసి చూడవచ్చును. చీకటి గది ముందు కొన్ని దీపాలను వేరువేరు చోట్ల పెట్టి, గదికి ఒక సన్నని రంధ్రం ఉంచితే, లోపలి గోడమీద దీపానికి ఒకటి చొప్పున వెలుగుచుక్కలు పడతాయి. ఒక దీపాన్ని కప్పితే ఒక్క చుక్క మాత్రమే ఆరిపోతుంది. అన్ని దీపాల వెలుగూ ఒకే రంధ్రంలో దూరినా ఒకదానితో ఒకటి కలిసి చెదరలేదు. ప్రతి కిరణమూ తన దారిన తిన్నగా పోయింది. మా విద్యార్థులు అట్టపెట్టెకు సూదితో రంధ్రం చేసి, మూడు కొవ్వొత్తులతో ఈ పరీక్ష చేశారు. మూడు చుక్కలు కనిపించినప్పుడు వారి ముఖాలు చూడవలసినదే. వెయ్యేళ్లనాటి పాఠం ఒక మధ్యాహ్నంలో వారి స్వంతమైనది.

తరువాతి కథ పారిస్ నగరానిది. 1822లో దగేర్ అనే చిత్రకారుడు అక్కడ "డయోరామా" అనే ప్రదర్శనశాల తెరిచాడు. పలుచని గుడ్డమీద కొండలను, లోయలను చిత్రించి, ఒకమారు ముందునుండి, ఒకమారు వెనుకనుండి వెలుగు పంపేవాడు. ప్రేక్షకుల కళ్లముందే పగలు రాత్రిగా మారేది. ఈ దగేరే 1839లో ప్రపంచానికి తొలి ఛాయాచిత్ర పద్ధతులలో ఒకదానిని అందించాడు. గుడ్డ, దీపాలతో ప్రకృతిని కల్పించిన చేతులే ఛాయాచిత్రానికి దారి చూపడం గమనింపదగినది.

గుడ్డ వెనుక దీపం అనగానే మనకు గుర్తు రావలసిన ఊరు పారిస్ కన్నా చాలా దగ్గరలో ఉన్నది. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరు మోసిన గ్రామం. పలుచగా చేసిన మేకతోలుకు రంగులద్ది, చిన్న చిన్న రంధ్రాలు తొలిచి, తెల్లని తెర వెనుక దీపం వెలుగులో ఆడిస్తారు. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. బొమ్మను తెరకు ఆనించి పట్టుకుంటే గీత గీసినట్లు కనిపిస్తుంది. తెర నుండి దీపం వైపు జరిపితే పెద్దదై, అంచులు మసకబారుతాయి. నీడకు సంబంధించిన మొదటి సూత్రం ఇందులోనే ఉన్నది. మా అభ్యాసంలో మేము పదేపదే వాడుకున్న సూత్రం కూడా ఇదే.

యాభై అడుగుల ద్వారక

నమూనాలతో దృశ్యాన్ని కల్పించడం తెలుగువారికి కొత్త విద్య కాదు. 1957 మార్చి 27న విడుదలైన "మాయాబజార్" చిత్రంలో ద్వారకానగరం తెరమీద కనిపించినప్పుడు అది ఒక బొమ్మల నగరమని అనిపించదు. మదరాసులోని విజయా-వాహినీ స్టూడియోలో సుమారు యాభై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు గల స్థలంలో దాదాపు 300 చిన్న చిన్న ఇళ్లతో ఆ నగరాన్ని నిర్మించారు. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. అదే చిత్రంలోని నౌకావిహారపు పాటలో తెరనిండా పరచుకున్న వెన్నెల కూడా ఆయన కల్పనయే.

దర్శకుడు కె.వి. రెడ్డి, అనగా కదిరి వెంకటరెడ్డి, 1912లో అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించినవారు. ఆ ద్వారకలో శ్రీకృష్ణుడుగా నటించిన నందమూరి తారక రామారావు 1985 నుండి 1996 వరకు మన హిందూపురం నియోజకవర్గానికి శాసనసభ్యులుగా ఉండినారు. ఈ విధంగా ఆ బొమ్మల నగరానికి మన ప్రాంతంతో రెండు చుట్టరికాలున్నవి.

ఈ కాలంలో అమెరికాకు చెందిన మాథ్యూ అల్బనీస్ అనే కళాకారుడు ఇదే పనిని బల్లమీద చేస్తున్నాడు. ఒకనాడు వంటింట్లో పాప్రికా అనే ఎర్రని మిరపపొడి డబ్బా ఒలికిపోయినప్పుడు ఆ ఎరుపు చూసి ఆయనకు అంగారక గ్రహం తోచింది. ఆ పొడికి దాల్చినచెక్క, జాజికాయ, కారం, బొగ్గు జోడించి అంగారకుని నేలను చేశాడు. ఒక్కొక్క దృశ్యానికి వారాలు, నెలలు వెచ్చిస్తాడు. తన చిత్రానికి ఏయే పదార్థాలు వాడినదీ దాచడు, పట్టికగా ప్రకటిస్తాడు. ఈ చివరి సంగతిని పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలెను. దాని విలువ మాకు ఆలస్యంగా తెలిసింది.

కొలత

బొమ్మ బొమ్మగా కనిపించకుండా ఉండవలెనంటే మొదట కొలత కుదరవలెను. నూటికొకటి అనే కొలతను తీసుకుందాము. అనగా నిజంలో వంద అంగుళాలు ఉన్నది బల్లమీద ఒక అంగుళం. లేపాక్షి నంది సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. ఈ కొలతలో అది రెండంగుళాలకు లోపు ఎత్తు, మూడంగుళాల పైచిలుకు పొడవు గల బొమ్మ అవుతుంది. ఆ నంది ముందు నేలకు ఏమి పరచవలెను? ఒకటిన్నర మిల్లీమీటరు ఉండే రాగిగింజ ఈ కొలతలో పదిహేను సెంటీమీటర్ల రాయి. అనగా కొబ్బరికాయంత. అర మిల్లీమీటరు రవ్వ నిమ్మకాయంత గులకరాయి. మిల్లీమీటరులో పదోవంతు ఉండే పిండిరేణువు కూడా శనగగింజంత అవుతుంది. కనుక బండలకు రాగులు, గులకకు రవ్వ, మట్టికి జల్లెడ పట్టిన బూడిద వాడవలెను. మా విద్యార్థి ఒకడు ఇసుకను ఇసుకగానే వాడి, "సార్, ఎడారి చేస్తే కంకర గుట్ట వచ్చింది" అని వాపోయాడు. ఇసుక తప్పు చేయలేదు, కొలత తప్పింది.

కంటి ఎత్తు కూడా కొలతలోనిదే. నేలమీద నిలబడ్డ మనిషి కన్ను సుమారు ఐదడుగుల ఎత్తున ఉంటుంది. నూటికొకటి కొలతలో అది అర అంగుళానికి కొంచెం ఎక్కువ. కెమెరా కటకం బల్లకు అంత దగ్గరగా ఉంటేనే చూసేవాడు ఆ దృశ్యంలో నిలబడినట్లుంటుంది. పైనుండి వంగి తీసిన చిత్రం పళ్లెంలో వడ్డించిన వంటకంలా ఉంటుంది. చరవాణితో తీసేవారికి ఇందుకు ఒక సులువు ఉన్నది. కటకం సాధారణంగా పై మూలన ఉంటుంది కనుక ఫోనును తలక్రిందులుగా నిలబెడితే అది బల్లను తాకుతుంది.

దగ్గరి వస్తువును తీసేటప్పుడు వెనుకది మసకబారడం మరొక చిక్కు. ఆ మసకయే చూసేవారికి "ఇది చిన్న వస్తువు" అని చెప్పివేస్తుంది. పెద్ద కెమెరా ఉన్నవారు ద్వారాన్ని ఎఫ్-16 వరకు చిన్నది చేయవలెను. ఎఫ్-4 నుండి ఎఫ్-16కు పోతే లోపలికి వచ్చే వెలుగు పదహారోవంతుకు తగ్గుతుంది. సెకనులో ఎనిమిదోవంతు చాలిన చోట రెండు సెకన్లు తెరచి ఉంచవలెను. కనుక కెమెరాను చేతితో పట్టుకొనరాదు. ఇటుకమీదనో పుస్తకాల దొంతిమీదనో నిలపవలెను. చరవాణి కెమెరా చిన్నది కనుక దానిలో దగ్గరిదీ దూరపుదీ ఇంచుమించు ఒకేలా స్పష్టంగా వస్తాయి. పేదవాని పరికరం ఇక్కడ ధనవంతుని పరికరం కన్నా మేలు.

వెలుగు

ఆకాశంలో సూర్యుడు ఒక్కడే. బల్లమీద రెండు దీపాలు పెట్టి, ప్రతి బండకూ రెండేసి నీడలు పడనిస్తే చిత్రం అబద్ధమని చిన్నపిల్లవాడు కూడా కనిపెడతాడు. కనుక దీపం ఒక్కటే ఉండవలెను. నీడ వైపు మరీ నల్లబడితే రెండవ దీపం పెట్టక, ఒక తెల్లకాగితాన్ని ఎదురుగా నిలిపి వెలుగును మళ్లించవలెను. ఆరుబయట ఆకాశం చేసే పనిని ఇక్కడ ఆ కాగితం చేస్తుంది.

దీపం ఎంత దూరంలో ఉండవలెను? దూరం రెట్టింపయితే వెలుగు నాలుగోవంతవుతుంది. రెండడుగుల లోతు గల దృశ్యానికి ఒక పక్కగా, దగ్గరి అంచుకు ఒక అడుగు దూరంలో దీపం పెట్టితే, దూరపు అంచుకు మూడడుగులు అవుతుంది. అక్కడి వెలుగు తొమ్మిదోవంతు మాత్రమే. నిజమైన కొండకు ఒక చివర వెలుగు, మరొక చివర చీకటి ఉండదు, ఎందుకంటే సూర్యుడు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అదే దీపాన్ని దగ్గరి అంచుకు ఆరడుగుల దూరానికి జరిపితే దూరపు అంచు ఎనిమిదడుగులు. తేడా రెండింతలకు లోపే. కనుక దీపాన్ని గదిలో వీలైనంత వెనుకకు జరుపవలెను. కురచయైన గదిలో వెలుగును అద్దంమీద పడవేసి తిప్పుకుంటే కిరణం ప్రయాణించే దారి పెరుగుతుంది.

రంగు విషయం. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900 కెల్విన్, పాతకాలపు బల్బు 2700, మధ్యాహ్నపు ఎండ 5500. అంకె తగ్గినకొద్దీ ఎరుపు హెచ్చుతుంది. ఉదయానికి, సాయంత్రానికి బల్బు చాలును. ఇంకా అరుణిమ కావలెనంటే మిఠాయి పెట్టెకు చుట్టిన నారింజరంగు కాగితాన్ని దీపానికి జానెడు దూరంలో అడ్డుగా పట్టవలెను. దీపానికి తాకనీయరాదు.

దూరం

దగ్గరి కొండ గోధుమరంగు, దాని వెనుకది నీలం, ఆ వెనుకది ఆకాశంలో సగం కలిసిపోయిన బూడిదరంగు. గాలిలోని అణువులు, ధూళి వెలుగును చెదరగొట్టడం వలన ఇలా జరుగుతుంది. ఆకాశపు నీలిమకు కారణాన్ని లార్డ్ రేలీ 1871లో లెక్కకట్టి వివరించాడు. బల్లమీద రెండడుగులలో అంత గాలి ఉండదు కనుక మనమే సమకూర్చుకొనవలెను. కొండల వరుసలను అట్టతో కత్తిరించి, ఒక్కొక్క వరుసకు మధ్య ఒక మల్‌మల్ గుడ్డనో వెన్నకాగితాన్నో వ్రేలాడదీస్తే, వెనుకకు పోయినకొద్దీ కొండ పాలిపోతుంది. సాంబ్రాణి పొగను వదలి, అది మెల్లగా పరచుకున్నదాకా ఆగితే పొగమంచు సిద్ధమవుతుంది.

బెల్లపు పెనుకొండ

1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు విజయనగర రాజధానిని తరలించిన పెనుకొండను మా విద్యార్థులు మొదటి పాఠంగా ఎన్నుకున్నారు. హిందూపురం బెల్లానికి, చింతపండుకు పేరుపొందిన అంగడి కనుక కొండకు బెల్లం తోచడంలో ఆశ్చర్యం లేదు. బెల్లాన్ని కత్తితో కోయరాదు. రోకలితో కొట్టి పగులగొట్టవలెను. పగిలిన ముఖం గ్రానైటు బండలాగానే గరుకుగా, మెరుపుగా ఉంటుంది. సందులలో జల్లెడ పట్టిన బూడిద అద్ది, నీళ్లతొట్టి గోడమీది నాచును అక్కడక్కడ అంటించి, కొత్తిమీర వేళ్లను ఎండబెట్టి మోడుచెట్లుగా నాటారు. అగ్గిపెట్టె అట్టమీద జిగురు పూసి రవ్వ చల్లితే కోటగోడ తయారైనది. వెనుక రెండు వరుసల అట్టకొండలు, వాటి మధ్య మల్‌మల్ గుడ్డ, చివర ఒక లేతనీలపు దుపట్టా ఆకాశం. ఎడమవైపు ఆరడుగుల దూరంలో, బల్లకు జానెడు ఎత్తున ఒక్క బల్బు.

మొదటినాడు చిత్రం తీయనేలేదు. మధ్యాహ్నం గంట కొట్టి తిరిగి వచ్చేసరికి చీమలు దుర్గాన్ని ముట్టడించి ఉన్నాయి. మరునాడు మా కళాశాల ఆయా సలహామీద బల్లకాళ్లను నీళ్ల గిన్నెలలో పెట్టినాము. ఆ కందకాన్ని ఏ చీమా దాటలేదు.

పని ముగిసిన తరువాత ఆ బెల్లం పశువుల దాణాలోకి పోయింది. తినదగినదాన్ని ఆటకు పారవేయడం "ఇస్రాఫ్" అని, అది దోషమని మన ఇళ్లలో పెద్దలు చెబుతారు. కరవు తెలిసిన ఈ నేలలో ఆ మాటకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. పొట్టు, తవుడు, బూడిద, పగిలిన గాజు, పుచ్చిన గింజలు మొదట వాడవలెను. తినేది వాడితే తిరిగి నోటికో పశువుకో చేరే విధంగా వాడవలెను. దూది, కొవ్వొత్తి, సాంబ్రాణి ఒకచోట ఉన్నప్పుడు పక్కన బకెట్టు నీరు తప్పనిసరి.

చెరువు, ఒక పొరపాటు

నీటిని చేయడం అన్నింటికన్నా కష్టం. పళ్లెంలో నిజమైన నీరు పోస్తే అంచున ఉబ్బుగా నిలిచి, చిన్న నీరని తెలిసిపోతుంది. నీటిబొట్టు మన కొలతకు లొంగి చిన్నది కాదు. అద్దం వాడవచ్చును గాని దానిలో అల ఉండదు. ధర్మవరం వైపునుండి రైలులో వచ్చే మా విద్యార్థిని ఒకతె దీనికి చక్కని ఉపాయం కనిపెట్టింది. రంజాన్ నెలలో మన ఇళ్లలో చేసే చైనాగ్రాస్‌ను పాలు, చక్కెర లేకుండా కాచి, నల్లకాగితం పరచిన గాజుపళ్లెంలో పోసింది. గట్టిపడేటప్పుడు పైన దువ్వెనతో మెల్లగా గీసింది. గీతలు అలలుగా నిలిచిపోయాయి. చుట్టూ బంకమట్టి కట్ట, దానిమీద కొత్తిమీర చెట్లు, వెనుక లేత ఎరుపు వెలుగు. అది వారి పల్లె చెరువు. చిత్రాన్ని చూసి తరగతి అంతా చప్పట్లు కొట్టింది. "అచ్చంగా నిజమే అనిపిస్తున్నది" అని మేము కూడా మెచ్చుకున్నాము. అంతకు మించి ఏమీ చెప్పలేదు. అదే మా పొరపాటు.

ఆ యేడు ఆ చెరువులో నీరు లేదు. అమ్మాయి తమ్ముడు ఆ చిత్రాన్ని తన ఫోనులోకి తీసుకుని, ఒక్క మాటా వ్రాయకుండా బంధువులందరికీ పంపినాడు. వారి చాచా బెంగుళూరులో తాపీపనికి కూలిగా ఉంటున్నాడు. చెరువు నిండితే తిరిగి వచ్చి మడి నాటుకోవలెనని ఎదురుచూస్తున్న మనిషి. చిత్రం చూసిన రాత్రి మేస్త్రీకి చెప్పి రైలెక్కినాడు. తెల్లవారి ఇంటికి కూడా పోకుండా నేరుగా కట్టమీదికి వెళ్లి నిలబడ్డాడట. రెండు దినాల కూలి, రైలు ఖర్చు పోయినాయి. పోయినది అంతేనని మేము అనుకోలేము.

అమ్మాయి వచ్చి ఈ సంగతి చెప్పి, "సార్, ఇక నేను ఈ బొమ్మలు చేయను" అన్నది. ఆమెకు ఏమి చెప్పవలెనో మాకు వెంటనే తోచలేదు. నిజమనిపించడాన్నే ఏకైక కొలబద్దగా పెట్టి మెచ్చుకున్నది మేము. చూసేవారికి చెప్పవలసినది చెప్పమని నేర్పనిది కూడా మేమే. ఆ ఆదివారం ఆమె తండ్రిగారి అనుమతితో వారి ఇంటికి వెళ్లి, చాచా ముందు మా తప్పు ఒప్పుకున్నాము. ఆయన ఎక్కువ మాట్లాడలేదు. "మీరేం చేస్తారు సార్, నేనే ఒక ఫోను చేసి అడగవలసింది" అని టీ తెప్పించాడు. ఆ మర్యాద మాకు కోపం కన్నా బరువుగా తోచింది.

ఆ సమయంలో లోపలినుండి అమ్మాయి దాదీ ఆ ఫోటో తెమ్మన్నారు. ఎలా చేసినదీ, ఏ వస్తువులతో చేసినదీ మనుమరాలు వివరించింది. ఆవిడ కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసి, "తూము ఏదీ బేటీ?" అని అడిగారు. "మరవ ఈ పక్కన కాదు, ఆ పక్కన పారేది. నీళ్లు ఇంత ఎత్తుకు వస్తే ఈ చింతచెట్టు మొదలు తడిసేది. చాకిరేవు బండ ఇక్కడ ఉండేది" అంటూ వేలితో ఒక్కొక్క చోటు చూపించారు. అమ్మాయి కాగితం తెచ్చి వ్రాసుకున్నది. చాచా కూడా దగ్గరకు జరిగి, తాను ఈత నేర్చుకున్న చోటు ఎక్కడో చెప్పాడు.

ఆ వివరాలతో ఆమె రెండవమారు చెరువు చేసింది. ఈసారి తూము ఉన్నది. మరవ సరియైన వైపున పారుతున్నది. చింతచెట్టు మొదలు తడిసి ఉన్నది. చిత్రం క్రింద తన చేతివ్రాతతో ఇలా వ్రాసింది: "చైనాగ్రాస్, నల్లకాగితం, బంకమట్టి, కొత్తిమీర, అగ్గిపుల్లలు, ఒక టార్చి. ఇప్పుడు ఈ చెరువులో నీరు లేదు. మా దాదీ చెప్పగా చేసినది." ఆ చిత్రానికి తోడుగా ఆమె వ్రాసిన చెరువు వర్ణన ఒకటిన్నర పుట వచ్చింది. అందులో "అందంగా ఉన్నది" అనే మాట ఒక్కచోట కూడా లేదు.

మేము పెట్టుకున్న నియమం

అప్పటినుండి మా తరగతిలో ఒక నియమం ఏర్పడింది. ఏ చిత్రమైనా దేనితో చేసినదీ దాని క్రిందనే వ్రాయవలెను. ఆ మాట చిత్రం అంచులోనే ముద్రింపబడి, చిత్రం ఎక్కడికి పోతే అక్కడికి దానితో పోవలెను. బొమ్మను చూసి మోసపోయినవాడు ఒక్కమారు ఆశ్చర్యపడి, తరువాత నొచ్చుకుంటాడు. బెల్లమని తెలిసి చూసినవాడు కొండను చూస్తాడు, బెల్లాన్ని చూస్తాడు, చేసినవాని పనితనాన్ని కూడా చూస్తాడు. నిమ్మలకుంట తెరముందు కూర్చున్న ప్రేక్షకులకు అవి తోలుబొమ్మలని తెలియదా? తెలిసియే తెల్లవార్లూ చూస్తారు. ద్వారక బొమ్మల నగరమని తెలిసిన తరువాత మనకు "మాయాబజార్" మీద ప్రీతి పెరిగినదే గాని తగ్గలేదు. పేరు చెప్పుకొనడం వలన కళకు నష్టం లేదు. యంత్రమే క్షణంలో లేని దృశ్యాలను కల్పించి చేతికిస్తున్న ఈ రోజులలో, చేతితో చేసి, చేసినదానిని చెప్పడం మన విద్యార్థులకు మరింత అవసరం.

విద్యార్థినీ విద్యార్థులకు మా మనవి ఇది. మీ ఇంట్లో పెద్దలు ఏదో ఒక స్థలాన్ని జ్ఞాపకం పెట్టుకుని ఉంటారు. పూడిపోయిన బావి, కొట్టివేసిన తోపు, పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసుకు బండి కట్టుకుని పోయిన దారి. వారిని అడగండి. ఏ పక్క ఏమి ఉండేదో వ్రాసుకోండి. బూడిద, పొట్టు, బంకమట్టితో బల్లమీద చేయండి. ఒక్క దీపం పెట్టి చిత్రం తీయండి. క్రింద ఉన్నది ఉన్నట్లు వ్రాయండి. ఆ చిత్రం పట్టుకుని వెళ్లి మళ్లీ వారికే చూపించండి. తప్పులు వారు దిద్దుతారు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక చిన్న విన్నపం. ఈ పనికి పరికరాలు అక్కరలేదు, ధనం అక్కరలేదు. తూర్పున ఒక్క కిటికీ ఉండి, దానిని మూయడానికి ఒక తలుపు ఉండి, బల్లను పది దినాలు కదపకుండా ఉంచుకోగల చిన్న గది ఒకటి కేటాయిస్తే చాలును. వచ్చే వార్షికోత్సవానికి ఆ గోడలమీద మూడు ఊళ్ల చెరువులు, కొండలు, దారులు వేలాడదీస్తామని, ఒక్కొక్కదాని క్రింద ఏమి వ్రాసి ఉన్నదో చదివే పెద్దలు వస్తారని మా ఆశ. మేము అడుగుతున్నది ఒక్క కమరా మాత్రమే.